ఇంటి లెక్కలు: గుక్క పట్టిన స్కూటరు

క్రితం సంచికలో మిక్సీ బ్రష్షుల గురించి రాసిన తర్వాత వచ్చిన ఉత్తరాల్లో షోలాపూరు నుంచి ఒక సోదరి రాసినది నన్ను రెండు రోజులు వదల్లేదు. వాళ్ళ మామగారికి ఒక పాత స్కూటరు ఉంది. టూ స్ట్రోకు బండి. రెండో కిక్కుకే స్టార్టవుతుందట. స్టాండు వేసి వదిలేస్తే నిదానంగా, బుద్ధిగా ఆడుతూనే ఉంటుందట. గేరు వేసి ఎక్స్‌లేటరు తిప్పేసరికి మాత్రం 'భుం...' అని ఏడ్చే పిల్లాడు గుక్క పట్టినట్టయి ఆగిపోతుందట. మెకానిక్కు చూసి, "బోరింగ్ చేయించాలి, ఎనిమిది వేలవుతుంది" అన్నాడు. కొడుకు, "ఎనిమిది వేలు పెట్టే బదులు పాత ఇనుముకు ఇచ్చేద్దాం" అన్నాడు. ఆ మాట చెవిన పడినప్పటి నుంచీ మామగారు భోజనం దగ్గర ఎవరితోనూ మాట్లాడడం లేదు. "అన్నయ్యగారూ, మీరు బ్యాంకువారు కాబట్టి లెక్క చెప్పగలరు. బోరింగ్ చేయించమంటారా, అమ్మేయమంటారా?" అని ఆమె ప్రశ్న.

అమ్మా, ఇప్పటికి ఆ రెండూ వద్దు. నేను మెకానిక్కును కాను, బి.కాం. చదివిన వాణ్ణి. కానీ సరిగ్గా ఇదే జబ్బుతో మా ఇంటి స్కూటరు నన్ను నాలుగు నెలలు ఏడిపించింది. ఆ నాలుగు నెలల్లో నేను చేసిన పొరపాట్లు ముందు చెబితే మీకు డబ్బు మిగులుతుంది.

మాది హొసూరు. 1989లో నాన్నగారు బుక్ చేసి, ఎదురుచూసి ఎదురుచూసి తెచ్చుకున్న బండి అది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ముప్పై ఏళ్ళు దాటిన బండికి ఏం జరిగినా చేసినవాడి తప్పు అనలేం. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు దాన్ని వరండాలో గోనెపట్టా కప్పి నిలబెట్టాం. అటు తర్వాత నాన్నగారు పోయారు. ఏడాదిన్నర దాన్ని ఎవరూ కదిలించలేదు. మళ్ళీ బయటికి తీసినప్పుడు కిక్కు కొట్టగానే స్టార్టవడంతో మహా సంతోషించాను.

2021 డిసెంబరులో ఒక పెళ్ళి నుంచి నేనూ మా ఆవిడా తిరిగి వస్తున్నాం. ఊరి బయట హైవే దాటాలి. చెన్నై, బెంగుళూరుల మధ్య ఆ రోడ్డు మీద లారీలు ఎలా వస్తాయో చూసినవారికి చెప్పనక్కర్లేదు. రెండు వైపులా చూసుకుని, దూరంగా ఒక లారీ ఉంటే, ఇంకా టైముందిలే అని ఎక్స్‌లేటరు తిప్పాను. బండి రోడ్డు మధ్యదాకా వచ్చి, నేను ఇంకాస్త తిప్పగానే, 'భుం' అని చల్లబడిపోయింది. మా ఆవిడ ఒక్క అంగలో దిగి వెనకనుంచి తోసింది కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాను. లారీ హారను కొట్టుకుంటూ మా వెనకనుంచి వెళ్ళిపోయింది. ఇంటికి వెళ్ళేదాకా ఆవిడ మాట్లాడలేదు. మర్నాటి నుంచి బజారుకు ఆటోలో వెళ్ళడం మొదలుపెట్టింది.

చాలామంది, "పికప్ లేకపోతేనేం, నిదానంగా పోతే సరి" అంటారు, కాబట్టి ఇంత వివరంగా చెబుతున్నాను. స్టార్టు కాని బండి ఇంట్లోనే ఉంటుంది, దానివల్ల ప్రమాదం లేదు. స్టార్టయి, రోడ్డెక్కి, సరిగ్గా అవసరం పడినప్పుడు గుక్క పట్టే బండి ప్రమాదం.

ఇక నా వైద్యం. ముందు ప్లగ్గు మార్చాను. ఫలితం లేదు. బంకులో పెట్రోలు మంచిది కాదని బంకు మార్చాను. గాలి చాలడం లేదేమోనని ఎయిర్ ఫిల్టరు ఊడదీసి పక్కన పెట్టాను, జబ్బు రెట్టింపయింది. చెన్నై నుంచి వచ్చిన మా బావమరిది, "బావా, మీ ఊరు ఎత్తు మీద ఉంది. గాలి పలచన. అందుకే" అన్నాడు. మాట అబద్ధం కాదు. హొసూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ గాలి సాంద్రత నూటికి ఎనిమిది పాళ్ళు తక్కువ. చెన్నైలో సర్దిన కార్బురేటరు ఇక్కడికి వస్తే పెట్రోలు కాస్త ఎక్కువవుతుంది. కానీ బండి 1989 నుంచీ హొసూరులోనే ఉంది. ముప్పై రెండేళ్ళుగా లేని ఎత్తు ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చింది?

ఒక ఆదివారం పట్టుదలకొద్దీ కార్బురేటరు కడిగి, మెయిన్ జెట్టు ఒక సైజు పెద్దది వేసి, స్లో స్పీడ్ స్క్రూ తిప్పి, పనిలో పనిగా పొగ తగ్గుతుందని పెట్రోల్లో ఆయిలు కూడా తగ్గించాను. నాలుగు పనులూ ఒకే పూట. సోమవారం బండి కాస్త నయమనిపించింది. శుక్రవారానికి మళ్ళీ మొదటికొచ్చింది. ఏ పనికి నయమైందో, ఏ పనికి చెడిందో నాకే తెలియదు.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో లెడ్జర్లు చేత్తో రాసేవాళ్ళం. బ్యాలెన్సు టాలీ కాకపోతే రాత్రి తొమ్మిదయినా ఇంటికి వెళ్ళనిచ్చేవారు కాదు. అప్పట్లో మా సీనియర్ హెడ్ క్లర్కు ఒకాయన తేడా రాగానే లెడ్జరు తెరవనిచ్చేవాడు కాదు. "ముందు తేడా ఎంతో చూడు" అనేవాడు. తేడా తొమ్మిదితో భాగమైతే ఎక్కడో అంకెలు తారుమారయి ఉంటాయి, 54కు 45 రాసినట్టు. తేడాలో సగం మొత్తం ఎంట్రీ ఒకటి కనిపిస్తే అది జమకు బదులు ఖర్చులో పడి ఉంటుంది. తేడా రూపాన్ని బట్టి తప్పు ఉన్న చోటు సగం తెలిసిపోతుంది. ఇదంతా తెలిసిన నేను స్కూటరు దగ్గరికి వచ్చేసరికి, తేడా చూడకుండా నాలుగు లెడ్జర్లు ఒకేసారి దిద్దేశాను.

ఈ లెక్క నాకు గుర్తుచేసింది మా వీధి చివర షెడ్డులో ఉండే భాయ్. డెబ్బై దాటిన మనిషి. అంతకు ముందు వేరే గ్యారేజీలో బోరింగ్‌కు దాదాపు ఒప్పుకుని, అడ్వాన్సు ఇవ్వడానికి వెళుతూ దారిలో ఆయన దగ్గర ఆగాను. నేను చేసిన వైద్యమంతా విని ఒక ప్రశ్న వేశాడు.

"ఇన్ని మార్చినారు కదా సార్, ఏది మార్చినాక ఏమయింది?"

జవాబు లేదు నా దగ్గర.

"సరే పోనీండి. ఎక్స్‌లేటరు వదిలినాక ఇంజను వెంటనే దిగొస్తా ఉండాదా, పైనే నిలబడతా ఉండాదా?"

అది మాత్రం చెప్పగలిగాను. నాలుగైదు సెకన్లు పైనే గుయ్యిమంటూ నిలబడి, అప్పుడు దిగుతుంది. అది హుషారనుకున్నాను నేను. భాయ్ నవ్వి, "హుషారు కాదు సార్, దాహము. పెట్రోలు తాగేది తక్కువ, గాలి తాగేది ఎక్కువ. యాడో దొంగతనంగా గాలి తాగతా ఉండాది" అన్నాడు.

ఆ మాట అర్థం కావాలంటే టూ స్ట్రోకు ఇంజను గాలి ఎలా పీలుస్తుందో తెలియాలి. కార్లలో, ఇప్పటి మోటారు సైకిళ్ళలో ఉండే ఫోర్ స్ట్రోకు ఇంజన్లో గాలీ పెట్రోలూ తిన్నగా పిస్టను పై భాగానికి వెళతాయి. పిస్టను కింద క్రాంకు తిరిగే గది ఆయిలుకు మాత్రమే. టూ స్ట్రోకులో అలా కాదు. పిస్టను పైకి పోయినప్పుడు కింద గదిలో ఖాళీ ఏర్పడి, కార్బురేటరు నుంచి పెట్రోలు, గాలి, ఆయిలు కలిసిన ఆవిరి ముందు ఆ కింద గదిలోకే వస్తుంది. పిస్టను కిందికి దిగినప్పుడు అది నొక్కుకుపోయి, పక్క దారులగుండా పైకి ఎక్కుతుంది. అంటే కింద గదే గాలిపంపు. ఇంగ్లాండులో బాత్ పట్టణానికి చెందిన జోసెఫ్ డే 1891లో ఈ పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. వాల్వులు లేవు, ప్రత్యేకంగా ఆయిలు పంపు అక్కర్లేదు, చవక. మన దేశంలో 1972లో చేతక్ వచ్చినప్పటి నుంచి రెండు మూడు దశాబ్దాలు మధ్యతరగతి సంసారాలన్నీ ఈ గాలిపంపు మీదే నడిచాయి.

చవకకు మూల్యం కూడా అక్కడే ఉంది. ఆ కింద గదికి ఎక్కడ సన్నని కంత పడినా ఇంజను అక్కణ్ణుంచి బయటి గాలి లాగేస్తుంది. ఫోర్ స్ట్రోకులో క్రాంకు పక్కన ఆయిలు సీలు పోతే కింద నాలుగు చుక్కలు కారతాయి, తుడుచుకుంటాం. టూ స్ట్రోకులో అదే సీలు పోతే ఊపిరితిత్తికి చిల్లు పడ్డట్టే.

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 15 గ్రాముల గాలి కావాలి. దాన్ని మన మజ్జిగ లెక్కన చెప్పుకుందాం. గాలి ఎక్కువైతే మిశ్రమం పలచన, పెట్రోలు ఎక్కువైతే చిక్కన. ఎక్స్‌లేటరు ఒక్కసారి తిప్పినప్పుడు గాలి తేలిక కాబట్టి ముందు దూసుకువస్తుంది, పెట్రోలు బరువు కాబట్టి ఒక క్షణం వెనకపడుతుంది. మామూలు బండిలో ఆ క్షణం మనకు తెలియదు. అప్పటికే పలచగా ఉన్న బండిలో ఆ క్షణానికి మిశ్రమం మరీ నీళ్ళ మజ్జిగై, ప్లగ్గు రవ్వకు అంటుకోదు. అదే గుక్క. మరి నిలబడి ఉన్నప్పుడు ఎందుకు బాగా ఆడుతుంది? అంతకు ముందు ఎవరో, మా విషయంలో నేనే, స్లో స్పీడ్ స్క్రూ తిప్పి ఆ లోటు కప్పిపుచ్చి ఉంటాం కాబట్టి. బ్యాంకులో తేడా దొరకనప్పుడు సస్పెన్స్ ఖాతాలో పడేసినట్టు.

పలచన గుక్క ఒక రకం, చిక్కన గుక్క ఇంకో రకం. పలచనైతే 'భుం' అని ఖాళీగా, నిశ్శబ్దంగా పడిపోతుంది. చిక్కనైతే 'బర్ర్... బర్ర్' అని గొంతులో కఫం ఉన్నట్టు గురగురలాడుతూ పొగతో నడుస్తుంది, ఇంజను వేడెక్కినకొద్దీ ఎక్కువవుతుంది. రెండిటికీ తేడా తెలియకపోతే చోకు చెబుతుంది. ఇంజను కాస్త వేడెక్కాక, స్టాండు మీద, ఎక్స్‌లేటరు గభాలున తిప్పి గుక్క తెప్పించండి. ఆ తర్వాత చోకు సగం లాగి మళ్ళీ అదే చేయండి. చోకు పెట్రోలు వాటా పెంచుతుంది. నయమైతే జబ్బు పలచన. ఇంకా చెడితే జబ్బు చిక్కన. పైసా ఖర్చు లేదు. మా బండికి చోకు లాగగానే గుక్క సగానికి సగం తగ్గింది. నాలుగు నెలల్లో నేను చెయ్యని పరీక్ష ఇదొక్కటే!

ప్లగ్గు కూడా సాక్ష్యం చెబుతుంది. బండి నాలుగైదు కిలోమీటర్లు నడిపి, ఆపి, చల్లారాక విప్పి చూస్తే ముక్కు దగ్గర కాఫీ పొడి రంగు ఉంటే మంచిది. పొడి మసిలా నల్లగా ఉంటే చిక్కన. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే పలచన. మాది తెల్లగా ఉంది. నేను ప్లగ్గు మార్చిన రోజు పాత ప్లగ్గు చూడకుండా చెత్తబుట్టలో వేశాను. సాక్షిని నేనే తరిమేశానన్నమాట.

పలచనకు కారణాలు రెండు జాతులు. పెట్రోలు తక్కువ రావడం, గాలి ఎక్కువ రావడం. భాయ్ ముందు మొదటిది తేల్చాడు. కార్బురేటరు దగ్గర పెట్రోలు పైపు విప్పి సీసాలో పట్టాడు. ఇది చల్లటి ఇంజను మీద, ఆరుబయట, బీడీ సిగరెట్టు దరిదాపుల్లో లేకుండా చేయాలి. ధార నిండుగా వచ్చింది. ట్యాంకు మూత బిగించి మళ్ళీ చూశాడు. మూతకు ఉండే సన్నని గాలి రంధ్రం దుమ్ముతో పూడితే మొదట బాగా వచ్చి, ఒకటి రెండు నిమిషాలకు ధార సన్నబడుతుంది. మూత వదులు చేయగానే మళ్ళీ పెరుగుతుంది. ఎంతోమంది కార్బురేటర్లు మార్పించుకున్నది ఈ రంధ్రానికి ఒక గుండుసూది గుచ్చక. మాకు అదీ బాగానే ఉంది. జెట్లు నేనే కడిగి ఉన్నాను. కాబట్టి పెట్రోలు నిర్దోషి. మిగిలింది దొంగ గాలి.

"మీ ఇంట్లో బీపీ చూసే మిషను ఉండాదా సార్, గడియారం మాదిరి ముల్లు ఉండేది?" అని అడిగాడు భాయ్. మా అమ్మది పాతది ఉంది. తెచ్చి ఇచ్చాను. సైలెన్సరు విప్పి ఆ మూతికి, కార్బురేటరు విప్పి ఆ మూతికి సైకిలు ట్యూబు ముక్కలు పెట్టి రేకులతో బిగించాడు. పాత ప్లగ్గు ఒకటి తీసుకుని, పింగాణీ పగలగొట్టి, ఆ ఇనుప గుల్లకు నాజిలు అతికించి ప్లగ్గు చోట బిగించాడు. పిస్టను బాగా కిందికి దింపి, పక్క దారులు తెరుచుకున్నాక, బీపీ మిషను రబ్బరు బుడ్డితో గాలి కొట్టడం మొదలుపెట్టాడు. ముల్లు 250 దాకా ఎక్కింది. నిజానికి ఆ ఒత్తిడి దగ్గర ఆరోగ్యమైన ఇంజను కొన్ని నిమిషాలపాటు ముల్లును దాదాపు కదలకుండా నిలబెట్టాలి. మాది, నేను లెక్కపెడుతుండగా, ఇరవై అంకెలు పూర్తి కాకముందే సున్నాకు దిగిపోయింది. మ్యాగ్నెటు విప్పి, దాని వెనక ఉన్న సీలు చుట్టూ సబ్బు నీళ్ళు పూసి మళ్ళీ గాలి కొట్టాడు. వేలెడంత మేర నురగ పొంగింది.

నాలుగు నెలలు నాకు కనబడని దొంగ తెల్లటి నురగై కళ్ళముందు కూర్చుంది. మా అమ్మ బీపీ మిషను ఇన్నేళ్ళలో ఇంత స్పష్టంగా ఎవరి జబ్బూ చెప్పలేదు.

ముప్పై ఏళ్ళ రబ్బరు సీలు ఏడాదిన్నర ఎండి, పెదవి గట్టిపడిపోయింది. కొత్త సీలు ఖరీదు నూట ఎనభై రూపాయలు. మా బండిలో మ్యాగ్నెటు వైపు సీలు ఇంజను విడగొట్టకుండా బయటినుంచే మార్చొచ్చు. రెండో వైపు, క్లచ్చు పక్కన, ఇంకో సీలు ఉంటుంది. అది పోతే గేరు ఆయిలు ఇంజన్లోకి లాగి తెల్లటి పొగ దట్టంగా వస్తుంది, గేర్‌బాక్సులో ఆయిలు తగ్గుతూ ఉంటుంది. దానికి ఇంజను విప్పాల్సిందే. మాకు ఆ బాధ లేకపోయింది. సీలు వేశాక మళ్ళీ గాలి కొట్టాడు. ముల్లు నిలబడింది. పాత సైజు మెయిన్ జెట్టు, ఎయిర్ ఫిల్టరు తిరిగి వాటి చోట్లకు చేరాయి. స్లో స్పీడ్ స్క్రూ పూర్తిగా బిగించి ఒకటిన్నర చుట్టు వదిలి, అక్కణ్ణుంచి చెవితో సర్దాడు. కూలితో కలిపి మొత్తం తొమ్మిది వందలయింది.

ఆయిలు తగ్గించినందుకు మాత్రం భాయ్ నన్ను నిజంగా కోప్పడ్డాడు. "మీ బండి రోడ్డు మీద పట్టేసి ఉంటే ఏమి చేద్దురు సార్?" అన్నాడు. టూ స్ట్రోకులో ఆయిలు పెట్రోలుతోనే వెళ్ళాలి. మిశ్రమం పలచనైతే మంట వేడి పెరుగుతుంది, పిస్టను ఉబ్బుతుంది, అదే సమయంలో దానికి అందే ఆయిలు కూడా తగ్గుతుంది. పైగా నేను చేతులారా ఇంకా తగ్గించాను. అలాంటి ఇంజను వేగంలో ఉండగా పట్టేస్తే వెనక చక్రం బిగుసుకుపోయి బండి విసిరేస్తుంది. ఎప్పుడైనా ఆ సూచన కనబడితే, అంటే ఇంజను ఒక్కసారి బిగిసినట్టయితే, వెంటనే క్లచ్చు పట్టేయాలి. మాన్యువల్లో ఎంత ఉంటే అంత ఆయిలు కలపడమే క్షేమం. మా బండికి లీటరుకు 20 మిల్లీలీటర్లు, అంటే నూటికి రెండు పాళ్ళు. ఎక్కువ పోస్తే ఇంకా మంచిదనుకునేవారు కూడా ఉన్నారు. ఆయిలు పెరిగితే అంతమేరకు పెట్రోలు తగ్గుతుంది, మిశ్రమం చిక్కనవదు, పలచనే అవుతుంది. సైలెన్సర్లో మసి మాత్రం చిక్కగా పేరుకుంటుంది.

ఆ మసి సంగతి కూడా చెప్పాలి. ఇది పలచనా కాదు, చిక్కనా కాదు, మలబద్ధకం. సైలెన్సరు పూడుకుపోతే బండి నిలబడి బాగానే ఆడుతుంది, కొంతదాకా లాగుతుంది, ఆపైన ఎంత తిప్పినా ఎక్కదు, ఎత్తు ఎక్కమంటే మూలుగుతుంది. పొగగొట్టం దగ్గర అరచెయ్యి కాస్త దూరంగా పెట్టి చూస్తే గాలి దెబ్బలు దెబ్బలుగా తగలాలి, నీరసంగా వస్తుంటే అనుమానించాలి. పూర్వం మెకానిక్కులు సైలెన్సర్లను మంటలో కాల్చి దులిపేవారు. ఆ పని ఇంటి పెరట్లో మీరు చెయ్యకండి.

ఇప్పటి పెట్రోలు గురించి ఒక మాట. 2025 నాటికి మన బంకుల్లో 20 పాళ్ళు ఇథనాలు కలిసిన పెట్రోలే మామూలయింది. ఇథనాలు బరువులో మూడో వంతుకు పైగా ఆక్సిజనే, కాబట్టి గ్రాముకు 15 గ్రాముల గాలి అక్కర్లేదు, సుమారు పదమూడున్నర చాలు. పాత జెట్లతో ఉన్న బండికి ఇది తనంతట తానే కాస్త పలచన చేస్తుంది. సీళ్ళు, ప్యాకింగులు బాగున్న బండి దాన్ని తట్టుకుంటుంది, అంతంతమాత్రంగా ఉన్నది గుక్క పడుతుంది. పాతకాలపు రబ్బరు పైపులు ఉబ్బి మెత్తబడతాయి, ఆ రేణువులు జెట్టులో అడ్డుపడతాయి. అంతకంటే ముఖ్యం, ఇథనాలు గాలిలో తేమను పీలుస్తుంది. నెలల తరబడి కదలకుండా ఉంటే నీళ్ళు కలిసిన పొర ట్యాంకు అడుగుకు దిగుతుంది, ట్యాపు లాగేది ఆ అడుగునుంచే. అందుకని నెల దాటి నిలబెట్టే బండికి ట్యాంకూ, కార్బురేటరూ ఖాళీ చేసి పెట్టడం మంచిది. నాన్నగారు పోయిన ఏడాది నేను ఆ పని చెయ్యలేదు.

ఇప్పుడు షోలాపూరు సోదరికి. అమ్మా, ముందు ట్యాంకులో పాత పెట్రోలు తీయించి తాజాది, ఆయిలు కొలతగా కలిపి పోయించండి. మామగారినే చోకు పరీక్ష చెయ్యమనండి, ఆయనకు పది నిమిషాల పని. తర్వాత ట్యాంకు మూత వదులు చేసి ఒకసారి, బిగించి ఒకసారి. తర్వాత ప్లగ్గు రంగు. ఒక రోజుకు ఒకటే మార్చండి, మార్చినదీ, ఫలితమూ ఒక కాగితం మీద తేదీ వేసి రాయండి. మీ మెకానిక్కు బోరింగ్ అన్నాడని అతను మోసగాడనుకోకండి. బోరు అరిగినా పికప్ పోతుంది, అది నిజమే. కానీ అరిగిన బోరు సాధారణంగా కిక్కు దగ్గరే తెలిసిపోతుంది. కాలు కింద బిగువు ఉండదు, స్టార్టవడానికే మొరాయిస్తుంది. మీది రెండో కిక్కుకు స్టార్టవుతోందన్నారు. అందువల్ల, "బోరింగ్ సంగతి తర్వాత చూద్దాం, ముందు మ్యాగ్నెటు వైపు సీలు, కార్బురేటరు కింది ప్యాకింగు చూసి పెట్టండి బాబూ" అని మర్యాదగా అడగండి. అడిగినవాళ్ళకు మంచి మెకానిక్కులు చేసిపెడతారు. అవి బాగుండి, గాలి పరీక్షలో నిలబడి, అప్పటికీ గుక్క పోకపోతే, అప్పుడు కంప్రెషన్ చూపించి ఎనిమిది వేల మాట ఆలోచిద్దాం.

అబ్బాయిది పూర్తిగా తప్పని కూడా అనను. పాత బండికి పదిహేనేళ్ళ తర్వాత ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషన్ రెన్యూ చేయించుకోవాలి, అది ఐదేళ్ళకొకసారి వస్తుంది. ఇన్సూరెన్సు వేరు. ఆ ఖర్చులు ఎనిమిది వేల పక్కన రాసుకుని ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవలసిందే. కానీ ఆ మాటలు బండికి ఉన్న జబ్బేమిటో తెలిశాక మాట్లాడుకుంటే బాగుంటుంది. నూట ఎనభై రూపాయల జబ్బుకు పాత ఇనుము ధర కట్టడం ఏ లెక్కలోనూ కుదరదు, మామగారు భోజనం దగ్గర మళ్ళీ మాట్లాడడం అటుంచి.

మా స్కూటరు ఇప్పుడు ఎక్స్‌లేటరు తిప్పితే తిప్పినంత వస్తోంది. మా ఆవిడ దాని మీద బజారుకు వస్తుంది, గుడికి వస్తుంది. హైవే దగ్గరికి రాగానే మాత్రం, "ఆపండి" అని దిగి, నడిచి దాటి, అవతల నిలబడి ఎక్కుతుంది. సీలు మార్పించాననీ, ముల్లు నిలబడిందనీ ఎన్నిసార్లు చెప్పినా, "నిలబడింది బీపీ మిషను కదండీ, లారీ కాదు" అంటుంది.

ప్లగ్గు ఏ రంగులో ఉందో షోలాపూరు సోదరి తప్పక రాసి పంపాలి. రంగు రాస్తే చాలు. మిక్సీ వ్యాసం చదివి ఒకాయన అరిగిన బ్రష్షులు కవర్లో పెట్టి పంపారు, కవరు చినిగి వచ్చిందని పోస్ట్‌మ్యాన్ నాతో సంతకం పెట్టించుకున్నాడు.